మారుపేరుతో మేలు చేసిన వారికి కృతజ్ఞతలు

హనుమకొండ, వరంగల్ మిత్రులం కలిసి ఓపెన్ సోర్స్‌గా నిర్వహిస్తున్న తెలుగు నిఘంటు శోధన సాఫ్ట్‌వేర్‌కు వేగం పెంచి, అసలు పేరైనా చెప్పకుండా ఊరుకున్న మీకు మా హృదయపూర్వక కృతజ్ఞతలు. పదం మధ్యలోని అక్షరాలతో వెతికినప్పుడు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోని మామూలు బీ-ట్రీ ఇండెక్స్ (పదాలను మొదటి అక్షరం నుంచి వరుసలో పేర్చే సూచిక) అక్కరకు రాదు కనుక పట్టికలోని ప్రతి వరుసనూ చదవవలసి వచ్చేది. పదాన్ని మూడేసి సంకేతాల (అక్షరాలు, గుణింతపు గుర్తుల) ముక్కలుగా చూసే ట్రైగ్రామ్ ఇండెక్స్‌ను చేర్చి మీరు ఆ భారం తప్పించారు. అంతకన్నా మాకు నచ్చినది మీ పద్ధతి: ఒక్కొక్క మార్పునూ విడిగా పంపుతూ, ముందూ తరువాతా తీసిన కొలతలను, ఫలితాలు మారలేదని చూపే పరీక్షలను జతచేశారు; ఈ ఇండెక్స్ వల్ల కొత్త పదాలు చేర్చడం కొంత నెమ్మదిస్తుందని కూడా (ఇది చెప్పేవారు అరుదు) దాచకుండా రాశారు. వేగం పెరిగింది కనుక కొత్త సర్వర్ ఆలోచన మానుకున్నాము. మార్పుల చిట్టాలో మీ మారుపేరునే ఉంచాము.