మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, వినాయక చవితి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయను. ఈ ఏడాది కమిటీ టైమంతా తినేసింది కార్బన్ క్రెడిట్ల వ్యవహారం. కార్బన్ డయాక్సైడ్ తగ్గించినందుకు దొరికే, కంపెనీలకు అమ్ముకోగలిగే పత్రాలే ఈ క్రెడిట్లు.

మన హాలు మిద్దె మీద 10 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టి మూడేళ్లయింది. ఆషాఢంలో ఒక కన్సల్టెంటు వచ్చి, వీటి మీద క్రెడిట్లు అమ్మిపెడతాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అన్నారు. కొందరు సభ్యులు ఆ డబ్బుతో మనసులోనే కొత్త మైకుసెట్టు కొనేశారు. ఆయన చూపిన ధరలు 2008 నాటివి. అప్పట్లో క్యోటో ఒప్పందం (భూమి వేడెక్కకుండా దేశాలు కుదుర్చుకున్నది) కింద వచ్చే క్రెడిట్ 20 యూరోలు దాటింది. 2012 ఆఖరుకు ఒక్క యూరో కూడా పలకలేదు. ఆ మాట మాత్రం ఆయన కాగితంలో లేదు.

సరే, లెక్క వేసి చూశాం. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలవకుండా ఆపితే ఒక క్రెడిట్. బెంగళూరు ఎండకు మన ప్యానెళ్లు ఏడాదికి సుమారు 14,000 యూనిట్లు ఇస్తాయి. మన దేశపు గ్రిడ్‌లో ఒక్కో యూనిట్ కరెంటుకు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. అంటే ఏడాదికి పది క్రెడిట్లు. వాటిని అమ్మితే వచ్చేది, మన లెక్క నిజమేనా అని తనిఖీకి వచ్చేవాళ్ల ఫీజుకు కూడా చాలదు.

పైగా ఇంకో మెలిక ఉంది. క్రెడిట్ డబ్బు రాకపోతే ఈ పని జరిగేదే కాదని మనం రుజువు చేయాలి. మనం ప్యానెళ్లు పెట్టింది కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి. ప్యానెళ్ల చందా రసీదులే అందుకు సాక్ష్యం! ఫీజు కట్టలేదు. దీని మీద కోప్పడిన వారికి లెక్కల కాగితం ఆఫీసులో ఉంది, వచ్చి చూడవచ్చు.

మరి ఇది ఎక్కడా పని చేయదా అంటే, చేసిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. కార్తీక వనభోజనాలకు ఈసారి ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న బాగేపల్లి వైపు వెళ్లాం. మనవాళ్లు కష్టపడి కన్నడంలో దారి అడిగితే తెలుగులో జవాబొచ్చింది. అక్కడ కూలి సంఘం వాళ్లు 5,500 ఇళ్లకు రెండేసి ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ తొట్లు కట్టే పనిని 2005లో క్యోటో పథకం కింద నమోదు చేయించారు. పేడ, నీళ్లు కలిపి తొట్టిలో పోస్తే వచ్చే గ్యాస్‌తో పొయ్యి వెలుగుతుంది, కట్టెలు, కిరోసిన్ మిగులుతాయి, మడ్డి చేనుకు పోతుంది. చేతిలో డబ్బు లేని కూలీ ఇంటికి క్రెడిట్ సొమ్ము లేనిదే తొట్టి రాదు. వేల ఇళ్లు కలిపి ఒకే ప్రాజెక్టుగా చూపారు కాబట్టి తనిఖీ ఖర్చూ కిట్టుబాటైంది. మాకు కాఫీ ఇచ్చిన ఇంటావిడకు మాత్రం ఈ టన్నుల గొడవ పట్టలేదు. పొగ లేకుండా వంట అవుతోందని, అంట్ల మసి తగ్గిందని చెప్పింది.

అది చూసి వచ్చాక, మన హాలు వంటింటికి చిన్న బయోగ్యాస్ యూనిట్ పెడదామని కమిటీ అనుకుంది. క్రెడిట్ల కోసం కాదు, సిలిండర్ల ఖర్చు కోసం. ఎస్టిమేట్లు వచ్చాయి, సర్వసభ్య సమావేశంలో పెడతాం. దీనిలో పేడ బదులు మిగిలిన తిండే వేస్తాం కాబట్టి, భోజనాలయ్యాక డ్రమ్ములో అన్నం, కూరలే పడాలి, ప్లాస్టిక్ గ్లాసులు పడకూడదు. దానికి పంక్తి పంక్తికీ ఇద్దరు అక్కడ నిలబడాలి. పేర్లు కోశాధికారి గారికి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి