చెక్కు చూశాం, లెక్క ఎక్కడ?

సంపాదకుడు గారికి,

యువ నాయకుల విజ్ఞాన యాత్రకు విరాళాలు వెల్లువెత్తాయని గత వారం మీరు వేసిన వార్త గురించి ఈ ఉత్తరం. ఫొటోలో తలుపంత చెక్కు, దాన్ని పట్టుకుని పెద్దలు. వెళ్లాల్సిన పిల్లలు మాత్రం చెక్కు వెనక, సగం మొహాలతో. ఎంత వచ్చిందో రాశారు. ఎంత కావాలో, మిగిలితే ఏం చేస్తారో ఒక్క ముక్క లేదు.

బస్సు కిరాయి ఎంతమంది ఎక్కినా అంతే. భోజనం, బస, బీమా మనిషికింత చొప్పున పెరుగుతాయి. రెండూ కలిపేసి "తలకు ఇంత" అని ప్రకటిస్తే చివర్లో గొడవ తప్పదు. 40 మందికి పంచిన కిరాయి 32 మంది మీద పడితే ఒక్కొక్కరి వాటా నాలుగో వంతు పెరుగుతుంది. మళ్లీ తల్లిదండ్రులకు చీటీ! వెంట వెళ్లే పెద్దల ఖర్చు ఎవరు భరిస్తారో ముందే చెప్పాలి, "నిర్వహణ" పద్దులో దాచడం కాదు. అనుకోని ఖర్చులకు కనీసం 10 శాతం పక్కన పెట్టాలి. ఇస్తామన్న విరాళాన్ని వచ్చినట్టే జమ రాసుకోకూడదు. బస్సువాడు బయానా అడిగే రోజుకి దాతల హామీలు అక్కరకు రావు.

ఇక వసూళ్లు. పిల్లల చేతికి డబ్బాలిచ్చి కూడళ్లలో నిలబెట్టారు, బాగుంది. ఆ డబ్బాలకు సీలుందా, నంబరుందా? ఇద్దరి ఎదుట విప్పి, లెక్కపెట్టి, సంతకాలు చేసి, ఆ డబ్బులో చిల్లర ఖర్చులకు తీయకుండా మొత్తం బ్యాంకులో వేయాలి. రసీదు చెడిపోతే చించి పారేయకూడదు, "రద్దు" అని రాసి పుస్తకంలోనే ఉంచాలి. ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి. ఫలానా సారు సొంత ఫోను క్యూఆర్ కోడ్‌కి పంపమనడం ఏం పద్ధతి? ఆయన నిజాయితీపరుడే కావచ్చు, ఇంటి ఖర్చూ యాత్ర సొమ్మూ ఒకే ఖాతాలో కలిశాక దాన్ని విడదీసి చూపడం ఆయన వల్ల కూడా కాదు.

అన్నిటికంటే ఒళ్లు మండించేది, ఎక్కువ వసూలు చేసినవారికే సీటట! డబ్బున్న బంధువులు లేని పిల్ల నాయకత్వానికి పనికిరాదా? వచ్చిందంతా ఒకే నిధిలో వేసి, ఎంపిక వేరుగా జరపాలి. యాత్ర రద్దయితే డబ్బు వెనక్కిస్తారో, మరో పనికి వాడతారో విరాళం అడిగే కాగితం మీదే ఉండాలి.

ఇంతా చేసి తీసుకెళ్లేది చట్టసభకి. గ్యాలరీ అనుమతికి పేర్లు ముందుగా పంపాలి, సమావేశాల తేదీలు చూసుకోవాలి. లేకపోతే పిల్లలు చూసేది ఖాళీ కుర్చీలు. సమావేశాలప్పుడూ అవే కదా అంటారా, అది వేరే ఉత్తరం. మన అధికారులకు చెక్కు పట్టుకోవడానికి తీరిక దొరుకుతుంది, రసీదు పుస్తకం తిరగేయడానికి దొరకదు. కింది ఉద్యోగి ప్రయాణ బిల్లులో ఒక్క టికెట్ తగ్గితే మాత్రం నెలల తరబడి తిప్పుతారు.

తిరిగొచ్చిన నెల లోపు జమాఖర్చులు ఒక్క పేజీలో బయటపెట్టమనండి. యాత్ర నడిపే కమిటీలో లేని మనిషి తనిఖీ చేయాలి. లెక్క రాసే పని ఆ పిల్లల్లోనే ఇద్దరికి అప్పగించాలి. వోచర్లు వాళ్ల చేతికివ్వడానికి కమిటీ ఒప్పుకోకపోతే ఆ వార్త కూడా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు