స్థానికుడి ఉద్యోగం, మన కుర్రాడి వీసా: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి,

విశాఖపట్నం నుంచి నమస్కారాలతో రాస్తున్నాను. కొత్త హెచ్‌-1బీ (నైపుణ్య ఉద్యోగాల వీసా) దరఖాస్తులపై 1 లక్ష డాలర్ల రుసుమును అమెరికా 2025 సెప్టెంబరు 19న ప్రకటించినప్పుడు, కుటుంబాలు పడే ఇబ్బందిని మీ శాఖ ప్రస్తావించింది. పిల్లలు అమెరికాలో ఉన్న మద్దిలపాలెం, మధురవాడ కుటుంబాల ఇళ్లలో ఆ మాట ఊరటనిచ్చింది. అయితే మన వాదన ఎప్పుడూ ఎన్ని వీసాలు, ఎంత రుసుము అన్నచోటే ఆగిపోతోంది. తమ ఉద్యోగాలు వీసాపై వచ్చినవారికి పోతున్నాయన్న అక్కడి స్థానిక ఉద్యోగార్థుల ఆవేదనలో న్యాయం ఉందనీ, దానికి కారణమైనదే మన పిల్లలనూ బాధిస్తోందనీ విన్నవించడానికే ఈ లేఖ.

నేను తొమ్మిదేళ్లు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరుగా పనిచేసి తిరిగివచ్చాను. అక్కడ ఉండగా మా టీములోని ఒక తెలుగు కుర్రాడికి కంపెనీ గ్రీన్‌కార్డు (శాశ్వత నివాస అనుమతి) ప్రక్రియ మొదలుపెట్టింది. ఆ పనికి అర్హుడైన స్థానికుడు దొరకలేదని అక్కడి కార్మిక శాఖకు చూపాలి కనుక, నిబంధన ప్రకారం రెండు ఆదివారాలు పత్రికలో ప్రకటన వేశారు. కంపెనీ వెబ్‌సైట్‌లో మాత్రం ఆ ఉద్యోగం ఊసే లేదు. దరఖాస్తులు పోస్టులోనే పంపాలన్నారు. అయినా ఒక కవరు వచ్చింది. 18 ఏళ్ల అనుభవమున్న ఒకాయన రెజ్యూమె, దానికి జతచేసిన ఉత్తరం కింద నీలి సిరా సంతకం, ఏ రోజు పిలిచినా ఇంటర్వ్యూకు వస్తానన్న ఒక వాక్యం. ఆయన ఎందుకు పనికిరాడో సాంకేతిక కారణం రాసివ్వమని మా మేనేజరు నన్ను అడిగారు. ఫలానా టూల్ తెలిసినట్టు రెజ్యూమెలో లేదని రాసిచ్చాను. అది రెండు వారాల్లో పట్టుబడే టూల్. కొద్దిపాటి శిక్షణతో నేర్చుకోగల నైపుణ్యం లేదన్న కారణంతో ఎవరినీ తిరస్కరించకూడదని అదే నిబంధనల్లో ఉందని తర్వాత తెలిసింది. ఆయనకు కనీసం ఫోను కూడా చేయలేదు. నేను చేసింది తప్పు.

ఇలాంటి నియామక పద్ధతులపైనే అమెరికా న్యాయశాఖ ఆరోపణలు చేయగా, ఫేస్‌బుక్ 2021లో 1.425 కోట్ల డాలర్ల వరకు, ఆపిల్ 2023లో 2.5 కోట్ల డాలర్ల వరకు చెల్లించేందుకు ఒప్పుకున్నాయి.

మరి ఆ కుర్రాడైనా బాగుపడ్డాడా అంటే, అదీ లేదు. ఉద్యోగాల కోటాలో ఏడాదికి ఇచ్చే గ్రీన్‌కార్డులు సుమారు 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్న పరిమితి వల్ల మనవాళ్ల క్యూ ఏళ్ల తరబడి కదలదు. కంపెనీ మారితే ఆ ప్రకటనల తంతు చాలామందికి మళ్లీ మొదటికొస్తుంది. ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరొకటి వెతుక్కోవాలి, లేదా దేశం విడవాలి. అటువంటివాడు జీతం పెంచమని ఎలా అడుగుతాడు? పైగా చట్టం చెప్పే స్థానిక వేతనానికి నాలుగు మెట్లున్నాయి. మొదటిది 17వ పర్సంటైల్ (నూటికి సుమారు 17 మంది అంతకన్నా తక్కువ పొందే జీతం), రెండోది 34వది, అంటే రెండూ ఆ ఊళ్లో ఆ పనికి వచ్చే మధ్యస్థ జీతానికి దిగువనే. తక్కువ జీతానికి నోరెత్తకుండా పనిచేసేవాడు దొరికితే యజమానికి లాభం, స్థానికుడికి నష్టం.

కాబట్టి, ఇకపై జరిగే చర్చల్లో వీసాల సంఖ్యకన్నా ముందు, ఉద్యోగి తన వరుస, అనుమతులు పోగొట్టుకోకుండా కంపెనీ మారే హక్కును, 60 రోజుల గడువు పెంపును, మధ్యస్థ జీతానికి తగ్గని వేతనాన్ని మన దేశమే కోరాలని ప్రార్థిస్తున్నాను. ఈ చివరి షరతు వల్ల అప్పుచేసి, పొలం తాకట్టు పెట్టి వెళ్లిన మన ఫ్రెషర్లలో కొందరికి వీసా దక్కకపోవచ్చు. ఆ తల్లిదండ్రుల ముఖాలు నాకు తెలుసు. అయినా ఈ మాటకు కట్టుబడే ఉన్నాను, ఎందుకంటే వెళ్లినవారు తలెత్తుకుని పనిచేయాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు.

ఆ చర్చలకు ముందు, తిరిగివచ్చిన ఉద్యోగుల మాట వినేందుకు విశాఖలో ఒక సమావేశం ఏర్పాటు చేయించండి. నేను రాసిచ్చిన ఆ కారణం గురించి అందరి ముందూ చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
ఒక మాజీ హెచ్‌-1బీ ఉద్యోగి,
మద్దిలపాలెం, విశాఖపట్నం