సంక్రాంతి దాకా కొత్త గిలాబు పనులు లేవు: సున్నం సంగతి ఉన్నదున్నట్టు

అన్నలకు, అక్కలకు నమస్తే.

పాత ఇళ్లకు సున్నంతో గిలాబు, అంటే గోడ పూత, చేసేవాళ్లం మేం. దసరా తర్వాత మొదలుపెడతామని మాటిచ్చిన గిలాబు పనులన్నీ సంక్రాంతి దాటాకే. నారాయణపేటలో రెండిళ్లు, వనపర్తిలో ఒకటి, దేవరకొండలో ఒకటి. ఆ నాలుగిళ్ల వాళ్లకు ఫోన్ చేసి చెప్పాం. మిగతావాళ్లకు మేం చెప్పేలోపే "వాళ్ల సున్నం రాలిపోయిందంట" అన్న మాట చేరిపోయింది. రాలిపోలేదు. పొక్కులు లేచాయి, మా చేతులతో మేమే చెక్కేశాం.

ఆ పొక్కులు లేచిన ఇల్లు పాలమూరు (మహబూబ్‌నగర్) పాత ఊళ్లోని భవంతి ఇల్లు. పెద్దర్వాజ పైచెక్క మీద 1332 అని చెక్కి ఉంటుంది. అది ఫసలీ సంవత్సరం, నిజాం సర్కారు లెక్క. 590 కలిపితే 1922. ఆ ఏడు అక్టోబరులో మొదలయ్యేది కాబట్టి 1923 కూడా కావచ్చు. మీ ఇంట్లో పాత దస్తావేజులుంటే ఇదే లెక్కతో చూసుకోండి.

ఆ ఇంటి ముందు భాగం ఒక తీరు, వెనక భాగం ఇంకో తీరు. ముందర అరుగుల మీదుగా ఉన్న రెండు అర్రలకు (గదులకు) ఇనుప గర్డర్లు, వాటి నడుమ ఇటుక కమాన్లు (వంపు కప్పు). సికింద్రాబాద్ నుంచి గద్వాల దాకా రైలు 1916లో వచ్చింది. అంత బరువు ఇనుము ఎడ్లబండి మీద ఇక్కడిదాకా తేవడం మామూలు మాట కాదు. ఈ వైపు మేం పనిచేసిన ఇళ్లలో గర్డర్ల కప్పు ఉన్నవన్నీ రైలు వచ్చాక కట్టినవే. వెనక పడసాలకు మాత్రం పాత పద్ధతే: టేకు దూలాలు, వాటి మీద వాసాలు, బద్దలు, పైన మట్టి మిద్దె. నడుమ 14 అడుగులకు 18 అడుగుల భవంతి, అంటే ఆరుబయలు జాగా, చుట్టూ షాబాదు బండలు.

గోడలు 27 అంగుళాల మందం. ఈ నేల గ్రానైటు రాయి, సందుల్లో బంకమట్టి, రెండు ముఖాలకు సున్నం. పునాదిలో తేమను ఆపే పొర లేదు, ఆ కాలపు ఇళ్లలో మామూలుగా ఉండదు. నేల తడి గోడలోకి ఎక్కుతూనే ఉంటుంది. రాయి దాన్ని పీల్చదు, మట్టి సందులే పీలుస్తాయి, సున్నం బయటికి ఆరబెడుతుంది. దాని మీద సిమెంటు పూస్తే తడికి దారి మూసుకుపోతుంది. లోపల ఉప్పు గడ్డకట్టి గిలాబును వెనక నుంచి నెడుతుంది. అంతకంటే పెద్ద నష్టం, గోడలో కూర్చున్న దూలం కొనలు కుళ్లుతాయి. గిలాబు మళ్లీ పూసుకోవచ్చు. వందేళ్ల టేకు దూలం మార్చాలంటే కప్పు దించాలి. ఇన్నేళ్లుగా సిమెంటు కలపం అని మొండికేసేది ఇందుకే, ఇప్పుడూ కలపం.

ఇక జరిగిన తప్పు.

సున్నపురాయిని దాదాపు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే వంద కిలోల మంచి రాయికి 56 కిలోల ముక్క సున్నం మిగులుతుంది. మిగతాదంతా వాయువై పోతుంది. మంట సమంగా ఉండాలి, రాళ్లు ఒకే సైజువై ఉండాలి. పెద్ద రాయీ చిన్న రాయీ కలిపి బట్టీలో పోస్తే పెద్దదాని నడుమ పచ్చిగా మిగిలిపోతుంది, చిన్నది మాడిపోతుంది. పచ్చిది మనకు నష్టమే కానీ గోడకు కీడు కాదు. అది రాయే, జల్లెడలో మిగులుతుంది, చెయ్యి పెట్టి చూసినా బరువుగా తగులుతుంది. మాడినదే ప్రమాదం. కుంచించుకుపోయి గట్టిగా, కాస్త పసుపు రంగుకు తిరిగి ఉంటుంది. నీళ్లలో వేస్తే మంచి సున్నం కాసేపట్లోనే బుసబుసా ఉడికి విరిగిపోతుంది. ఇది మాత్రం కదలదు, వారాలు పట్టుతుంది. ఆ లోపల గోడకెక్కిందంటే గోడలోనే ఉడుకుతుంది. ఉడికితే ఉబ్బుతుంది. ఉబ్బితే పైపూత గుండ్రంగా, గిన్నె ఆకారంలో ఊడివస్తుంది.

మాకు సున్నం ఇచ్చే బట్టీతో ఉన్న మాట స్పష్టం: నాలుగంగుళాల రాయి, ఒకే సైజు, మంట తొందర లేకుండా. మే నెల లోడు అలా రాలేదు. ముక్కలు చిన్నా పెద్దా కలిసి ఉన్నాయి, బస్తాల అడుగున పొడి ఉంది. అడిగితే "తూకం సరిగ్గా ఉందా లేదా" అన్నారు. తూకం సరిగ్గానే ఉంది. పొక్కులు లేచాక మాడిన ముక్కలు పట్టుకెళ్లి చూపిస్తే, లోకమంతా సిమెంటు వాడుతుంటే మీ ఒక్కరికే ఈ పట్టింపు ఎందుకన్నారు. పైసలు పోయినందుకు కాదు, ఆ మాటకు నొచ్చుకున్నాం. రాయి కాల్చడమే పనిగా బతికే చోట ఆ మాట వినాల్సి వస్తుందనుకోలేదు. ఇక ఆ బట్టీ సున్నం మా పనిలోకి రాదు.

అయితే తప్పంతా బట్టీదే అంటే అబద్ధమవుతుంది. మేం సున్నం గుంతలో నెల తగ్గకుండా నానబెడతాం. ముందు నీళ్లు పోసి, అందులో ముక్కలు వేసి, పారతో కలియబెట్టి, రెండు మిల్లీమీటర్ల జల్లెడ పట్టి రెండో గుంతలోకి దించుతాం. ముద్ద మీద ఎప్పుడూ జానెడు నీళ్లుంటాయి. ఆ ఇంట్లో పెళ్లి ఉందని ఈ లోడును పదకొండు రోజులకే తీశాం. నెల ఉంచితే మాడిన ముక్కల్లో చాలామటుకు గుంతలోనే ఉడికేవి. పదకొండు రోజులకు తీయడం మా నిర్ణయం, ఎవరూ మమ్మల్ని బలవంతపెట్టలేదు.

జూన్ మొదటి వారానికి పని అయిపోయింది. శ్రావణం ముసురుకు మొదటి పొక్కు కనబడింది.

అక్కడి నుంచి తొమ్మిది రోజులు మాకు నిద్ర లేదు. ఒక దారి: పొక్కులు గిల్లి, నింపి, సున్నం కొట్టడం. రెండు రోజుల పని. ఇంటివాళ్లు కూడా "పర్వాలేదు, అంతే చేయండి" అన్నారు. రెండో దారి: పైన తెల్ల సిమెంటు పుట్టీ లాగేయడం. కొందరు బేల్దారులు (తాపీ పనివాళ్లు) ఈ సలహా ఇచ్చారు. దాని గురించి మాట్లాడను. మూడోది: మొత్తం 1,400 చదరపు అడుగులూ చెక్కేయడం.

గిల్లి నింపడానికి మనసు ఒప్పుకుంది, లెక్క ఒప్పుకోలేదు. ప్రతి పొక్కు చుట్టూ బొగ్గుతో గీత గీసి తేదీ రాశాం. మొదటి రోజు 23. నాలుగో రోజు 38. తొమ్మిదో రోజు 61. ఆగడం లేదు. ఇరవై పొక్కులను ఉలితో తెరిచి చూస్తే ప్రతిదాని అడుగునా సజ్జగింజ నుంచి జొన్నగింజ దాకా ఒక పసుపు పలుకు. పద్దెనిమిదింటిలో ఆ పలుకు రెండో పూతలో ఉంది, రెండింటిలో పైపూతలో. గోడకు ఆనిన మొదటి పూతలో ఒక్కటీ లేదు. ఎందుకంటే ఆ 12 మిల్లీమీటర్ల పూత పాత లోడుది, నలభై రోజులు నానిన సున్నం.

అందుకని మొత్తం చెక్కలేదు, అలాగని గిల్లి వదల్లేదు. పైనున్న ఆరు మిల్లీమీటర్ల రెండో పూత, రెండు మిల్లీమీటర్ల నునుపు పూత, రెండూ తీసేశాం. దాదాపు 37 ఘనపుటడుగుల గిలాబు. మొదటి పూతను గరుకు చేసి అలాగే ఉంచాం. అది ఇప్పటికి కొంత లోతు వరకు గట్టిపడింది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి నెలకు అటూ ఇటూగా ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి రాయిగా మారుతుంది. దాన్ని కూడా తీస్తే మంచి పనిని మా చేతులతో మేం పాడుచేసినట్టు. ఈ మాట మీద మా మేస్త్రీకీ మాకూ రెండు రోజులు మాటల్లేవు. మొత్తం తీసేస్తేనే మన పేరు నిలుస్తుందని ఆయన వాదన. పేరు కోసం బాగున్న పూతను తీయొద్దని మాది. ఈ ఖర్చు ఇంటివాళ్ల మీద ఒక్క రూపాయి పడదు.

ఇప్పుడు మారినవి. సున్నం ముప్పై రోజులు నిండితేనే గుంత నుంచి తీస్తాం, పెళ్లి ఉన్నా గృహప్రవేశం ఉన్నా. లోడు దిగిన రోజే బకెట్ పరీక్ష: కిలో ముక్కలు, నాలుగు లీటర్ల నీళ్లు, మర్నాడు జల్లెడ పట్టి మిగిలింది తూకం. తర్వాత ఆవిరి పరీక్ష: జల్లెడ పట్టిన ముద్దలో కొంచెం ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలిపి బిళ్లలు చేసి, ఆరాక ఇడ్లీ పాత్రలో మూడు గంటలు ఆవిరి పట్టించడం. మాడిన పలుకుంటే బిళ్ల మీదే పొక్కు లేస్తుంది. దీన్ని మీ ఇంట్లోనూ చేసుకోవచ్చు, ఎవరి దగ్గర సున్నం కొన్నా సరే. ఆ పాత్రలో మళ్లీ వండొద్దు.

కప్పు పనులు ఆగవు. మిద్దె చిల్లులకు, డంగు సున్నానికి (గానుగలో నూరిన సున్నానికి) పాత నిల్వ ఉంది. ఒప్పుకున్న ధరలు మారవు, కొత్త పనులకు చదరపు అడుగుకు పదిహేను రూపాయలు పెరుగుతుంది. బయానా (అడ్వాన్సు) వెనక్కి కావాలన్నవాళ్లకు అడిగిన వారంలో ఇచ్చేస్తాం.

పాలమూరు ఇంట్లో రెండో పూత ఈ సోమవారం ఉత్తరపు గోడ నుంచి మొదలు. చూడాలనుకునేవాళ్లు పొద్దున ఎనిమిదిలోపు రండి. ఎండ పడ్డాక తడి గోనెలు కప్పేస్తాం, ఏమీ కనబడదు.