గడియారం కాదు, గ్లాసు చూడు

చెన్నై, మే 14

ఒరేయ్ శీనూ,

పులిసిన పిండితో పొంగించిన నీ సోర్‌డో రొట్టె ఫొటో చూశాను. అట్టులా పరుచుకుపోయింది, పైన ఎరుపే రాలేదు. పిండి మంచిది కాదేమో అన్నావు. పిండిది కాదురా తప్పు, ఎనిమిది గంటలు పులవడానికి వదిలెయ్యడంది. ఆ లెక్క 24 డిగ్రీల వంటింటికి రాసింది. ఈ కత్తిరి ఎండల్లో మీ వేళచ్చేరి మేడ మీద పిండి ముద్ద 32, 33 డిగ్రీల్లో ఉంటుంది. నాలుగు గంటల్లోపే పని అయిపోతుంది. ఇడ్లీ పిండికి పులుపు ఎక్కువైతే ముఖ్యంగా రుచే మారుతుంది. సోర్‌డోకి నడుమే విరుగుతుంది: ఆమ్లం పెరిగి, ముద్దని పట్టి ఉంచే గ్లూటెన్ అల్లిక తెగుతుంది, చక్కెరంతా ఖర్చయిపోయి పైపొర తెల్లగా మిగులుతుంది.

రాత్రి పడుకోబోయే ముందు 10 గ్రాముల పాత స్టార్టర్‌లో, అంటే దాచుకున్న పులిసిన పిండిలో, 50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీళ్లు కలుపు. మూడూ సమంగా కలిపితే ఈ వేడికి అర్ధరాత్రే పొంగి తెల్లారేసరికి కూలిపోతుంది. గోళ్లరంగు తుడిచే మందు వాసన వస్తే దానికి ఆకలేసిందని అర్థం, పిండి పెడితే కోలుకుంటుంది. గులాబీ చారలో బూజో కనిపిస్తే మాత్రం మొత్తం పారెయ్.

ముద్దకి మైదా 300, గోధుమపిండి 100, ఫ్రిజ్ నీళ్లు 260, ఉప్పు 8, స్టార్టర్ 40 గ్రాములు. నువ్వు 80 వేశావు, ఎండాకాలం అందులో సగం చాలు. వీడియోల్లో నీళ్లు 300 దాటిస్తారు, మన మైదా అంత మొయ్యదు. తడిచేత్తో అంచు పట్టుకుని సాగదీసి మధ్యకు మడుస్తూ నాలుగు వైపులా తిప్పు. అరగంటకోసారి, నాలుగుసార్లు.

ఇప్పుడు అసలు సంగతి. కలపగానే నిమ్మకాయంత ముద్ద తీసి, గోడలు నిటారుగా ఉన్న చిన్న గాజుగ్లాసులో చదునుగా నొక్కి, దాని మట్టానికి రబ్బరుబ్యాండు వెయ్యి. గ్లాసుని గిన్నె పక్కనే ఉంచు. అందులో పిండి ఒకటిన్నర రెట్లు కాగానే బయట పులియబెట్టడం ఆపెయ్. రెట్టింపు దాకా ఆగకు, ఎందుకంటే ఫ్రిజ్‌లో పెట్టాక కూడా లోపల చల్లబడేదాకా పులుస్తూనే ఉంటుంది. అప్పటికి గిన్నె ఊపితే గడ్డపెరుగులా అదరాలి. బెంగళూరులో మీ అక్క ఇవే కొలతలతో చేస్తే ఇంకో రెండు మూడు గంటలైనా పడుతుంది.

గుండ్రంగా బిగించి, బియ్యప్పిండి చల్లిన గుడ్డలో పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచు. మైదా చల్లితే తడికి గుడ్డకే అంటుకుంటుంది. బియ్యప్పిండిలో గ్లూటెన్ లేదుగా, సులువుగా ఊడొస్తుంది.

ఓటీజీ ఓవెన్‌ని 250 డిగ్రీలకి పెట్టి, మూతున్న మందపాటి ఇనపగిన్నెని లోపలే 45 నిమిషాలు కాగనివ్వు. ముద్ద మీద బ్లేడుతో సెంటీమీటరు లోతున వాలుగా ఒకటే గాటు. ఆ గిన్నెలో పెట్టి మూతతో 20 నిమిషాలు, మూత తీసి 220లో ఇంకో 20, 25. మూత మానకురా. ఓటీజీ పైరాడ్ ముద్దకి మరీ దగ్గర. ఆవిరి లేకపోతే పైపొర ముందే గట్టిపడి రొట్టె పైకి లేవదు.

దించాక రెండు గంటలు కత్తి పెట్టకు. లోపలి పిండి ఇంకా కుదురుకుంటూ ఉంటుంది, వేడిమీద కోస్తే కత్తికి బంకలా అంటుకుంటుంది.

ఆదివారం చేస్తానన్నావు కదా. కోసిన రొట్టెతో పాటు గ్లాసు ఫొటో కూడా పంపు, ఎన్నింటికి కలిపావో, ఎన్నింటికి ఒకటిన్నర రెట్లు అయిందో రాసి.

నీ
రవి