వార్షిక నివేదిక 2024–25: మొక్కల బృందం, హార్స్‌టెయిల్ గుర్తింపు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

పార్కు బోరు మరమ్మతు, వీధిదీపాలు, వినాయక చవితి ఏర్పాట్లు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈసారి ఎక్కువగా చెప్పాల్సింది మొక్కల బృందం గురించి. ఆదివారం పొద్దున్నే హంద్రీ, తుంగభద్ర ఒడ్లూ కె.సి. కాలువ గట్టూ తిరిగే ఈ బృందం ఈ ఏడాది హార్స్‌టెయిల్ మొక్కను గుర్తుపట్టడం నేర్చుకుంది, సభ్యులకూ నేర్పింది.

ఇది పూలు పూయదు, గింజ కట్టదు. ఫెర్న్ మొక్కలకు దగ్గరి బంధువు. సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట, బొగ్గు పొరలు ఏర్పడిన కాలంలో, దీని పూర్వపు బంధువులు చెట్లంత ఎత్తు ఎదిగేవి. ఇప్పుడు ఈక్విసెటమ్ అనే ఒక్క ప్రజాతి మాత్రమే మిగిలింది. దక్షిణ భారతంలో సహజంగా పెరిగేది ఈక్విసెటమ్ రామోసిసిమమ్. నర్సరీల్లో కుండీల్లో పెట్టి అమ్మేది చాలావరకు హైమేల్ అనే వేరే రకం.

గుర్తుపట్టాలంటే ముందు కణుపు చూడాలి. కాడ పచ్చగా, నిలువు గాట్లతో, లోపల బోలుగా ఉంటుంది. ప్రతి కణుపునూ ఒక చిన్న తొడుగు చుట్టి ఉంటుంది, దాని అంచున సన్నటి పళ్ళుంటాయి. ఆకులన్నీ అతుక్కుపోతే వచ్చిందే ఆ తొడుగు. కాడలో సిలికా ఉండడం వల్ల వేలికి గరుగ్గా తగులుతుంది. ఐరోపాలో వెనకటికి దీంతోనే గిన్నెలు తోమేవారు.

సభ్యులు చాలామంది సరుగుడు కొమ్మలు తెచ్చి ఇదేనా అని అడిగారు. అడగడం సబబే, సరుగుడు పుల్లకూ కణుపులుంటాయి, వాటి దగ్గర పొలుసుల్లాంటి ఆకులూ ఉంటాయి. కానీ అది మానుకట్టే చెట్టు, గింజలున్న గట్టి కాయలు కాస్తుంది, పుల్ల లోపల బోలు ఉండదు. నల్లేరు అయితే నాలుగు పలకలుగా ఉండి నులితీగలతో పాకుతుంది. తుంగకు కాడ మీద కణుపులే కనిపించవు.

ఒక సభ్యురాలి ఇంట్లో కుండీ మొక్కకు కాడ చివర చిన్న కంకి వచ్చింది. దాన్ని కాగితం మీద దులిపితే పచ్చటి పొడి రాలింది. గింజలకు బదులు ఈ మొక్కకు ఉండే సిద్ధబీజాలే ఆ పొడి. స్కూలు మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే ప్రతి సిద్ధబీజానికీ నాలుగు పట్టీలు! నోటి ఆవిరి తగిలితే అవి ముడుచుకుంటాయి, ఆరగానే చటుక్కున విచ్చుకుని సిద్ధబీజాన్ని కదిలిస్తాయి. పిల్లలు వంతులు వేసుకుని మరీ చూశారు. ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఏరు పక్క ఇసుక నేల, ఏడాదంతా తడి ఆరని చోటు దీనికి ఇష్టం. మేం తిరిగిన ఒడ్లలో మాత్రం దొరకలేదు. వేసవికి ఎండిపోయే హంద్రీలో దొరకకపోవడం వింతేమీ కాదు.

ఒక విన్నపం. కుండీ మొక్కను దయచేసి నేలలోగానీ కాలువ గట్టు మీదగానీ నాటకండి. దీని దుంపవేళ్ళు నేల లోపల దూరందాకా పాకుతాయి, చిన్న ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. పశువులకు, ముఖ్యంగా గుర్రాలకు, దీన్ని మేపకూడదు. ఇందులో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంది.

వచ్చే ఏడాది వరద తగ్గాక సుంకేసుల బ్యారేజీ దిగువన తుంగభద్ర ఒడ్డు చూడాలని తీర్మానించాం. చేతి భూతద్దం ఉన్నవాళ్ళు వెంట తెచ్చుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి, కర్నూలు