నల్లమందు పానకం నవ్వులాటా?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో ఆ మధ్య విక్టోరియా రాణి కాలంనాటి మందుల ప్రకటనలను రంగుల్లో అచ్చువేసి, ‘ఎంత అమాయకపు రోజులో’ అన్న ధోరణిలో రాసిన వ్యాసం చూశాను. ఎవరో ఒకరు జవాబు రాస్తారులే అని ఊరుకున్నాను. తీరా ఉత్తరాల శీర్షికలో వచ్చినవన్నీ మెచ్చుకోళ్ళే. ఫార్మసీ కళాశాలలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇక కలం పట్టక తప్పలేదు.

అందులో సగం పేజీ ఆక్రమించిన బొమ్మ ఒకటుంది. బొద్దుగా ఉన్న పాప, చిరునవ్వుల తల్లి, కింద మిసెస్ విన్స్‌లో సూదింగ్ సిరప్ పేరు. పళ్ళు వచ్చేటప్పుడు పిల్లల ఏడుపు మాన్పే పానకమని మీ వ్యాసకర్త మురిసిపోయారు. మానదా మరి? అందులో నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ ఉండేది, అదీ ఔన్సుకు 65 మిల్లీగ్రాముల దాకా. ఈ ఒక్క ముక్క రాయడానికి వ్యాసంలో చోటు లేకపోయింది. తల్లి టోపీకి ఉన్న కుచ్చుల గురించి మాత్రం ఒక పేరా ఉంది.

ఇంగ్లండులో అంతకంటే పాతది గాడ్‌ఫ్రీస్ కార్డియల్. చక్కెర మడ్డిలో కలిపిన నల్లమందు. తెల్లవారకముందే మిల్లుకు పోవలసిన తల్లులు, పిల్లల్ని చూసుకునే ముసలమ్మలు చెంచాడు పట్టించేవారు. దాని పాళ్ళు ఒక దుకాణంలో ఉన్నట్టు ఇంకో దుకాణంలో ఉండేవి కావు. నిన్న పట్టిన చెంచాకు బిడ్డ నిద్రపోతే, ఇవాళ వేరే కొట్టు సీసాలోంచి పట్టిన అదే చెంచాకు లేవకపోవచ్చు. మోతాదు మించక పోయినా ప్రమాదమే: మత్తులో ఉన్న పసివాడు పాలకు ఏడవడు. ఏడవని బిడ్డకు పాలు పట్టాలని ఎవరికీ తోచదు. అలా రోజురోజుకీ ఎండిపోయి పోయిన పిల్లలు ఆ మిల్లు పట్టణాల్లో ఎందరో. దీన్ని అమాయకత్వం అంటారా?

ఇక మాత్రల సంగతి. గొర్రెల కాపరిగా బతుకు మొదలుపెట్టిన థామస్ బీచమ్ తన మాత్రల పెట్టె ‘గినీ విలువ చేస్తుంది’ అని దేశమంతా చాటించాడు. గినీ అంటే 21 షిల్లింగులు. అమ్మిన ధర షిల్లింగు (12 పెన్నీలు) మీద ఒకటిన్నర పెన్నీ. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఈ రహస్య మందులను పరీక్ష చేయించి, ఫలితాలను పుస్తకంగా వేసింది. బీచమ్ పెట్టెలో తేలినవి ముసాంబరం, శొంఠి, సబ్బు. 56 మాత్రలకు పట్టే సరుకు ఖరీదు సుమారు అర ఫార్దింగు, అంటే పెన్నీలో ఎనిమిదో వంతు. దాదాపు నూరింతలకు అమ్మారన్నమాట. సుఖవిరేచనం అవుతుందంటే ఎవరికీ పేచీ లేదు, అవుతుంది. తలతిప్పుకూ, గుండెదడకూ, పీడకలలకూ కూడా అదే మందంటేనే పేచీ.

అంతకుముందే జేమ్స్ మోరిసన్ అనే వ్యాపారి రోగాలన్నిటికీ మూలం చెడు రక్తమనీ, తన మాత్రలతో కడుపు కడిగేస్తే అన్నీ పోతాయనీ బోధించాడు. తగ్గకపోతే? ఇంకో పది మింగాలి. అలా మోతాదు మీద మోతాదు వేయించి ప్రాణం తీసినందుకు 1830లలో యార్క్‌లో ఆయన ఏజెంటు మీద నరహత్య నేరం రుజువైంది. మాత్రల అమ్మకం మాత్రం ఆగలేదు. థామస్ హోలోవే అయితే మాత్రలూ లేపనమూ అమ్మిన సొమ్ముతో ఏకంగా ఆడపిల్లలకు కళాశాల కట్టించాడు. 1886లో దాన్ని రాణిగారే వచ్చి తెరిచారు.

అప్పుడు ప్రభుత్వం ఏం చేస్తోందని మీ వ్యాసకర్తకు అడగాలనిపించలేదు. నేను చెబుతాను. స్టాంపు అంటిస్తోంది. బీచమ్ పెట్టె ధరలో షిల్లింగు మీద ఉన్న ఆ ఒకటిన్నర పెన్నీ ఖజానాకు వెళ్ళే సుంకం. ప్రతి పెట్టె మీదా సర్కారు ముద్ర ఉంటే, చదువురాని కూలివాడు దాన్ని సర్కారు హామీ అనుకోక ఏమనుకుంటాడు? అమ్మేవాళ్ళకు కావలసిందీ అదే. 1868లో విషాల అమ్మకానికి చట్టం తెచ్చి, నల్లమందు సీసాల మీద ‘విషం’ అని చీటీ అంటించాలన్నారు. అదే చట్టంలో పేటెంటు మందులకు, అంటే సొంత పేరు పెట్టి అమ్మే ఇలాంటి రహస్య మందులకు, మినహాయింపు ఇచ్చారు. నల్లమందు విడిగా అమ్మితే విషం, పానకంలో కలిపి ముద్దుపేరు పెట్టి అమ్మితే కాదు! మన దేశంలో పనిచేసిన ఆంగ్లేయ సైనిక వైద్యుడు కాలిస్ బ్రౌన్ తయారుచేసిన క్లోరోడైన్‌లో నల్లమందూ, గంజాయీ, క్లోరోఫారమూ మూడూ ఉండేవి. కలరా నుంచి దగ్గు దాకా అన్నిటికీ అదే. దాని మీద విషమని రాయక తప్పదని కోర్టు తేల్చేసరికి 1892 వచ్చింది.

పత్రికల వాటా గురించి కూడా రాస్తాను, మీరు కత్తిరించకుండా ఉంటే. అమెరికాలో ఈ మందుల కంపెనీలు పత్రికలతో చేసుకున్న ప్రకటన ఒప్పందాల్లో ఎర్ర అక్షరాలతో ఒక షరతు ఉండేది. ఆ రాష్ట్రంలో తమ మందులకు ఇబ్బంది కలిగించే చట్టం ఏదైనా వస్తే ఒప్పందం రద్దు. చట్టం రాకుండా చూసుకోవడం పత్రిక పని. 1905లో కాలియర్స్ వారపత్రిక దీన్ని బయటపెట్టింది. అదే ఏడాది లేడీస్ హోమ్ జర్నల్ ఒక సమాధి ఫొటో వేసింది. అది లిడియా పింకమ్‌ది. స్త్రీల వ్యాధుల మందు పేరుతో 18 శాతం దాకా మద్యం కలిపిన సీసాలు అమ్మిన సంస్థ, ‘మీ బాధలు పింకమ్ గారికి రాయండి’ అని అప్పటికీ ప్రకటిస్తూనే ఉంది. ఆవిడ పోయింది 1883లో! ఇరవై రెండేళ్ళుగా ఆ ఉత్తరాలకు జవాబులు వెళుతూనే ఉన్నాయి.

మీ వ్యాసంలో కార్బాలిక్ స్మోక్ బాల్ (ముక్కుతో పీల్చే మందు పొడి నింపిన రబ్బరు బంతి) బొమ్మ కూడా ఉంది. మన న్యాయ విద్యార్థులు ఒప్పందాల పాఠంలో చదువుకునే కేసు అదే. కింద ఆ మాట లేదు. వాడినా ఫ్లూ వస్తే 100 పౌండ్లు ఇస్తామనీ, నమ్మకం కోసం బ్యాంకులో 1000 పౌండ్లు వేశామనీ 1891లో ప్రకటించారు. కార్లిల్ అనే ఆవిడ చెప్పినట్టే రోజుకు మూడుసార్లు పీల్చింది, ఫ్లూ వచ్చింది, డబ్బు అడిగింది. అవి ఉత్త గొప్పలు, నమ్మడం ఆమె తప్పు అన్నట్టు వాదించింది కంపెనీ. అప్పీలు కోర్టు చివాట్లు పెట్టి ఇప్పించింది.

చివరికి బ్రిటిష్ పార్లమెంటు సెలెక్ట్ కమిటీ వేసి, విచారించి, ఈ వ్యాపారం ముందు చట్టం చేతులు కట్టుకుని కూర్చుందని తేల్చింది. ఆ నివేదిక వెలువడిన తేదీ 1914 ఆగస్టు 4. ఆ రోజే బ్రిటన్ యుద్ధంలోకి దిగింది. ఇక నివేదికలు చదివే తీరిక ఎవరికి?

మనకు 1954 నుంచే చట్టం ఉంది. మధుమేహం, క్యాన్సర్, కంటిశుక్లం, పక్షవాతం లాంటివి నయం చేస్తామని ప్రకటించడం నేరం. జబ్బుల జాబితా కూడా అందులోనే ఉంది, మనిషి ఎత్తు పెంచుతామనడంతో సహా. ఇలాంటి ప్రకటన ఒకటి కత్తిరించి ఒక కార్యాలయానికి పంపితే, అది మూలికల మందు కనుక తమ పరిధి కాదన్నారు. మూలికల మందులు చూసే కార్యాలయం వారు, తయారీదారు పొరుగు రాష్ట్రంలో ఉన్నాడు కనుక అక్కడికి రాసుకోమన్నారు. ఆ కార్యాలయం ప్రహరీ గోడ మీదే మూలశంకను మూడు రోజుల్లో మాయం చేసే వైద్యుడి ఫోను నంబరు నిలువెత్తు అక్షరాల్లో ఉంది. పొద్దున్నే టీవీ పెడితే తెల్లకోటు వేసుకున్న ఎవరో ఒకరు ఇన్సులిన్ మానేయమంటున్నారు. చర్య తీసుకుంటామనే మాట కూడా ఈ మధ్య అధికారుల నోట రావడం లేదు.

తెలుగు పత్రికలకూ మందులకూ బంధుత్వం కొత్తది కాదని నాకూ తెలుసు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో, విక్టోరియా రాణి బతికుండగానే. ఆ రాబడితోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. ఆయన్ను ఈ ఘనులతో ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. మందు అమ్మి పత్రికను పోషించడం వేరు, పత్రికలో చోటు అమ్ముకుని ఎలాంటి మందునైనా పోషించడం వేరు. ఆ వ్యాసం వచ్చిన రోజే మీ ప్రధాన సంచికలో మోకాళ్ళ నొప్పి, మధుమేహం, సంతానలేమి మూడింటికీ ఒకే పొడి, ‘ఫలితం లేకపోతే డబ్బు వాపసు’ అన్న ప్రకటన వేశారు. పరీక్షించి వేశారా, లేక కార్లిల్ గారిలాంటి వారెవరైనా కోర్టుకు వెళ్ళేదాకా చూద్దామనుకున్నారా?

ఈ ఉత్తరం నిడివి ఎక్కువైందని పక్కన పడేయకండి. చోటు చాలకపోతే ఈసారికి ఆ పొడి ప్రకటన ఆపండి, సరిగ్గా సరిపోతుంది.

– విశ్రాంత ఫార్మసీ అధ్యాపకుడు, గుంటూరు